ఆరుబయట... దోమల పేరంటం!

ఆదివారం సాయంత్రం. ఎండ వాలింది. డాబా మీద నీళ్లు చల్లి, చాప పరిచి, పక్కనే నవారు మంచం వాల్చారు. కోడలు మిరపకాయ బజ్జీల పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. ఊరి నుంచి వచ్చిన మేనత్త పాత కబుర్లు మొదలుపెట్టింది. పిల్లలు చుట్టూ చేరారు.

పావుగంట గడిచిందో లేదో... చట్! మోచేతి మీద ఒక దెబ్బ. ఆ వెంటనే పిక్క మీద ఇంకొకటి. చిన్నవాడు చీలమండ గోక్కుంటున్నాడు. పెద్దది దుపట్టా కాళ్ల మీదికి లాక్కుంది.

''ఇంక చాలు, లోపలికి పదండర్రా... పీక్కు తినేస్తున్నాయి'' అంది నాయనమ్మ.

చాప చుట్టేశారు. కబుర్లు సగంలో ఆగిపోయాయి. కాసేపటికి అందరూ తలుపులు బిగించుకుని టీవీ ముందు తేలారు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. వేసవి వచ్చినా, తొలకరి పడినా ఆరుబయట కూర్చోవాలంటే దోమల అనుమతి కావాల్సిందే. అగరొత్తి నుంచి అల్ట్రాసోనిక్ యంత్రం దాకా అన్నీ కొనేస్తారు. దోమలు మాత్రం వేళకు వచ్చేస్తాయి. కారణం ఒక్కటే. దోమ ఎందుకు వస్తుందో, ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోకుండా దాన్ని తరమాలని చూడటం!

వచ్చేవన్నీ ఆడవే

మగ దోమ పాపం శాకాహారి. పూల తేనె, మొక్కల రసాలతో కడుపు నింపుకుంటుంది. కుట్టేది ఆడ దోమే. ఆకలి తీర్చుకోవడానికి కాదు, గుడ్లు తయారవడానికి కావలసిన ప్రొటీన్ కోసం. ఒకసారి కడుపునిండా రక్తం తాగిందంటే వంద దాకా గుడ్లు పెట్టగలదు. అంటే డాబా మీద జరిగేది అచ్చంగా పేరంటమే.

ఈ పేరంటానికి పిలుపు వెళ్లేది మనిషి ఊపిరి నుంచి. వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడును దోమ పదుల మీటర్ల దూరం నుంచే పసిగడుతుంది. దగ్గరికి వచ్చాక ఒంటి వేడి, చెమట వాసన దారి చూపిస్తాయి. నలుగురు ఒకచోట చేరి గంటసేపు కబుర్లు చెప్పుకుంటే ఆ కబురు దోమలకూ అందుతుందన్నమాట.

''నీ రక్తం తియ్యన, అందుకే నిన్నే కుడుతున్నాయి'' అని ఆటపట్టించడం ఇళ్లలో మామూలే. తీపి సంగతి ఉత్తదే కానీ, కొందరినే ఎక్కువగా కుట్టడం మాత్రం నిజం. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2022లో ఆ గుట్టు కొంత విప్పారు. చర్మం మీద కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఎక్కువగా ఉండేవాళ్లంటే ఏడిస్ దోమలకు మక్కువ ఎక్కువని తేల్చారు. అది ఒంటి తీరు. సబ్బు మార్చినంత మాత్రాన మారిపోయేది కాదు.

ఒక్కోదానికి ఒక్కో వేళ

దోమలన్నీ ఒకటి కాదు. కాళ్ల మీద, ఒంటి మీద తెల్లటి చారలుండేది ఏడిస్. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చేది ఇదే. ఇది పగటి దోమ. పొద్దున్నే ఒకసారి, సూర్యుడు అస్తమించే ముందు ఇంకోసారి జోరు మీద ఉంటుంది. బల్ల కింద, మంచం కింద తిరుగుతూ చీలమండల్నే వెతుక్కుంటుంది. పైగా ఒకరిని కుట్టేటప్పుడు కదిలిస్తే లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది. కూర్చున్నవాళ్లలో ఒకరి ఒంట్లో డెంగీ వైరస్ ఉంటే ఇంటిల్లిపాదికీ ముప్పు అందుకే.

చీకటి పడ్డాక వచ్చేవి ఎనాఫిలిస్, క్యూలెక్స్. మొదటిది మలేరియా దోమ. వాలినప్పుడు తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా నిలబడుతుంది. రెండోది మురుగునీటి దోమ. చెవి దగ్గర జుయ్యిమంటూ నిద్ర చెడగొట్టేది ఎక్కువగా ఇదే. బోదకాలు తెచ్చిపెట్టేదీ ఇదే.

సాయంత్రం అయిదున్నరకు కూర్చున్నవాళ్లకు ఒక దోమతో తంటా. ఏడున్నర దాటితే ఇంకొక దానితో. కాబట్టి చీకటి పడ్డాకే జాగ్రత్త పడదామనుకుంటే అప్పటికే డెంగీ దోమ పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది.

బేగంపేటలో తేలిన నిజం

దోమకాటు అంటే దురద ఒక్కటే కాదని ప్రపంచానికి తెలిసింది తెలుగు నేల మీదే. అప్పట్లో మలేరియా చెడుగాలి వల్ల వస్తుందనే నమ్మకం బలంగా ఉండేది. సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్‌కు దోమ మీద అనుమానం. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. ఆ దోమల్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి రోజుల తరబడి చూశాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించేది అందుకే. ఆ పరిశోధన జరిగిన భవనం బేగంపేటలో ఆయన పేరుతోనే ఉంది.

ఇది పాత చరిత్ర అనుకోవడానికి లేదు. 2005 చివర్లో రాయలసీమలో మొదలైన చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లనే మంచాన పడేసింది. 2006లో దేశం మొత్తమ్మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్లనొప్పులతో గోడ పట్టుకుని నడిచినవాళ్లు తెలుగు ఊళ్లలో ఎందరో. వీటన్నిటికీ మొదలు చిన్న కాటే!

పొగ భ్రమలు

దోమ అనగానే చెయ్యి వెళ్లేది కాయిల్ డబ్బా మీదికే. చుట్టలా తిరిగే ఈ కాయిల్ జపాన్‌లో పుట్టింది. చామంతి జాతి పూల నుంచి తీసిన పైరెత్రమ్ అనే మందుతో మొదట పుల్లలు చేశారు. అవి గంట కూడా గడవకుండా కాలిపోయేవి. చుట్టలా చేస్తే ఎక్కువసేపు కాలుతుందన్న ఆలోచన తయారీదారు భార్యది.

గాలి ఆడని గదిలో కాయిల్ ప్రభావం కొంత ఉంటుంది. కానీ ఆరుబయట చిన్న గాలి వీచినా పొగ ఒకవైపు, మనుషులు ఒకవైపు. అలాగని తలుపులు మూసి వెలిగిస్తే ఇంకో ముప్పు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళికణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఉబ్బసం ఉన్న పెద్దలు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. వేపాకు పొగ, సాంబ్రాణి పొగ, పిడకల పొగ సహజమైనవే కావచ్చు. ఊపిరితిత్తులకు మాత్రం ఏ పొగైనా పొగే.

మరి నీలిరంగు వెలుగుతో చిటపటమనే యంత్రాలు? చప్పుడు విన్నప్పుడల్లా ఒక దోమ చచ్చిందని సంతోషం. 1996లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి యంత్రాల్లో పడి చచ్చినవాటిని లెక్కపెట్టారు. మొత్తం 13,789 పురుగులు. అందులో కుట్టేవి ముప్పయ్యొకటి! మిగతావన్నీ పాపం పుణ్యం ఎరగని పురుగులు. దోమ వెతుక్కునేది వెలుగును కాదు, ఊపిరిని.

మనిషికి వినపడని శబ్దంతో దోమల్ని తరుముతామనే పరికరాలదీ అదే కథ. పది క్షేత్ర పరిశీలనల్ని ఒకచోట చేర్చి 2007లో చేసిన సమీక్షలో వాటివల్ల కాట్లు తగ్గిన దాఖలా కనిపించలేదు. సిట్రొనెల్లా కొవ్వొత్తులు, చేతి పట్టీలు కూడా ఏడిస్ దోమల్ని ఆపలేకపోయాయని 2017లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ పరీక్షలు తేల్చాయి. దోమల బ్యాటుతో కనిపించినవి నాలుగు చస్తాయి, నిజమే. కనిపించనివాటి మాటేమిటి?

నిమ్మగడ్డి, బంతి, తులసి కుండీలు చుట్టూ పెట్టుకుంటే దోమలు రావనే నమ్మకమూ ఉంది. మొక్క ఊరికే నిలబడి ఉంటే దోమకు ఏమీ కాదు. పైగా కుండీ కింది ప్లేటులో నీళ్లు నిలిచాయంటే అదే దోమలకు పురిటిగది!

అసలు మందు... గాలి

ఇంట్లోనే ఉండి, ఎవరికీ గుర్తుకు రాని ఆయుధం ఒకటుంది. ఫ్యాను. దోమ చాలా నెమ్మదిగా ఎగురుతుంది. గంటకు రెండు కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. అంటే మనిషి నడక కన్నా తక్కువే. ఫ్యాను గాలికి ఎదురెళ్లి ఒంటి మీద వాలడం దాని తరం కాదు. రెండో లాభం కూడా ఉంది. ఊపిరిని, చెమట వాసనను గాలి చెల్లాచెదురు చేసేస్తుంది. ఇక పిలుపు ఎవరి నుంచి వస్తోందో దోమకు అంతుపట్టదు.

అయితే పెట్టే చోటు ముఖ్యం. స్టాండు ఫ్యానును తలకు తగిలేలా పెట్టి, కాళ్లను దోమలకు వదిలేస్తారు చాలామంది. ఫ్యాను ఎత్తు తగ్గించి మోకాళ్ల కిందికి గాలి తగిలేలా తిప్పాలి. ఎక్కువమంది కూర్చుంటే ఎదురెదురుగా రెండు పెట్టుకుంటే మేలు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నీళ్లు చల్లిన డాబా మీద అతుకుల వైరు పరచకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు ఉన్న బోర్డు నుంచే కరెంటు తీసుకోవాలి.

కరెంటు పోతే? తాతయ్య చేతిలోని విసనకర్ర ఉండనే ఉంది. దాని పని ఉక్కపోత తగ్గించడం ఒక్కటే కాదని ఆయనకు ఎప్పుడో తెలుసు.

గుడ్డ, పూత

వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో ఒక తమాషా సంగతి చెప్పారు. ఊపిరి వాసన తగిలాక ఏడిస్ దోమలు ఎరుపు, నారింజ, నలుపు రంగుల వైపు మొగ్గుచూపుతాయట. తెలుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని పెద్దగా పట్టించుకోవట. కాబట్టి సాయంత్రం వేళ లేతరంగు వదులు బట్టలు మంచివి. ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్ వేసుకుని కాళ్లు కప్పుకున్నామనుకుంటే పొరపాటు. వాటి మీదనుంచే దోమ సూది దించేస్తుంది. పైజామా, పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు సాక్సు ఉంటే సగం పోరు గెలిచినట్టే.

మిగిలిన సగం పూత చూసుకుంటుంది. అమెరికా సైన్యం కోసం 1946లో తయారైన డీట్ అనే మందు 1957 నుంచి జనానికి అందుబాటులోకి వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షకు నిలిచింది ఇదే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ తయారుచేసిన డెపా మన దేశపు మందు. పికారిడిన్ ఇంకొకటి. కొనేటప్పుడు డబ్బా మీది బొమ్మ కాదు, వెనక రాసిన మందు పేరు, శాతం చూడాలి. డీట్ 10 శాతం ఉంటే సుమారు రెండు గంటలు, 30 శాతం ఉంటే సుమారు అయిదు గంటలు కాపు కాస్తుంది. చెమట పడితే ఆ గడువు తగ్గుతుంది.

* రెండు నెలలు నిండని పసికందులకు డీట్ రాయకూడదు. ఉయ్యాలకు దోమతెర కట్టడమే మేలు.

* నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్న మందులు మూడేళ్లలోపు పిల్లలకు వద్దు.

* పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర, పుండ్ల మీద రాయకూడదు. పెద్దవాళ్లు తమ చేతిలో వేసుకుని పిల్లలకు పూయాలి.

* బట్టల కింద దాగే చోట అవసరం లేదు. లోపలికి వచ్చాక సబ్బుతో కడిగేసుకోవాలి.

వేపనూనె సంగతి కూడా చెప్పుకోవాలి. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి రాస్తే ఎనాఫిలిస్ దోమల నుంచి రాత్రంతా రక్షణ దొరికిందని ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రం 1993లో ప్రకటించింది. అది మలేరియా దోమ గురించి చెప్పిన మాట. పగలు కుట్టే డెంగీ దోమ విషయంలో దీన్నే నమ్ముకోవడం క్షేమం కాదు.

రాత్రికి ఆరుబయటే పడుకునేవాళ్లకు దోమతెరను మించింది లేదు. నవారు మంచానికి, నులక మంచానికి సందులుంటాయి. దోమ కింది నుంచి వచ్చి వీపు మీద కుడుతుంది. అందుకే మంచం మీద మందపాటి బొంత పరిచి, తెర అంచుల్ని దాని కిందికి దోపుకోవాలి.

దీపం దగ్గర చేరేవి

తొలకరి పడగానే ఉసిళ్లు, వరికోతల ముందు పచ్చపురుగులు. ఇవి దోమల్లా కావు, దీపం కోసమే వస్తాయి. కళ్లలో పడతాయి, కూరలో పడతాయి. తెల్లటి ట్యూబులైటు కన్నా పసుపు వెలుగు బల్బుకు ఇవి తక్కువగా చేరతాయి. కూర్చున్నచోట చిన్న పసుపు బల్బు వేసుకుని, దూరంగా పిట్టగోడ మూలన తెల్లలైటు వెలిగిస్తే పురుగులు అటు పోతాయి. ఆ లైటు కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టడం పెద్దల నాటి ఉపాయమే. తెల్లారగానే ఆ నీళ్లు పారబోయడం మరిచిపోకూడదు.

వానాకాలంలో దీపాల దగ్గరికి నలుపు, నారింజ పట్టీలతో చీమలా కనిపించే సన్నటి పురుగు ఒకటి వస్తుంది. సెంటీమీటరు కూడా ఉండదు. కుట్టదు, కరవదు. కానీ ఒంటి మీద నలిపితే దాని ఒంట్లోని రసం తగిలి ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలెక్కుతుంది. వాలితే చేత్తో కొట్టకుండా కాగితంతో నెట్టేయాలి, లేదా ఊదేయాలి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి.

పుట్టిల్లు మన పెరట్లోనే

ఇన్ని చేసినా దోమలు తగ్గలేదంటే అవి ఎక్కడినుంచో రావడం లేదన్నమాట. డెంగీ దోమ సాధారణంగా పుట్టిన చోటికి రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే అది ఈ ఇంటిదో, పక్కింటిదో. దానికి మురుగు అక్కర్లేదు. మంచినీళ్లే కావాలి. అవీ గ్లాసుడు చాలు.

మూత సరిగ్గా పడని డాబా మీది ట్యాంకు, నీళ్లు వదిలేసిన కూలరు, మూలన పడ్డ పాత రోలు, కొబ్బరి చిప్ప, టైరు, సీసాలో పెంచే మనీప్లాంటు, ఫ్రిజ్ వెనక ట్రే, పిట్టలకు పెట్టిన నీళ్ల చిప్ప, చీమలు ఎక్కకుండా మంచం కోళ్ల కింద పెట్టిన గిన్నెలు... అన్నీ పురిటిగదులే. తొంగిచూస్తే నీళ్లలో మెలికలు తిరుగుతూ సన్నటి పురుగులు కనిపిస్తాయి. అవే రేపటి దోమలు.

గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు. వారానికోసారి నీళ్లు పారబోస్తే దోమ పుట్టే వీలే లేదు. అయితే పారబోస్తే చాలదు. ఏడిస్ తన గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటించిపోతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. నీళ్లు తగలగానే లేస్తాయి. అందుకే తొట్టి, కూలరు లోపలి గోడల్ని కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి.

వీధిలో ఫాగింగ్ బండి వస్తే పిల్లలకు పండగ. దాని వెనకే పరుగులు. పెద్దలకూ ఒక నిశ్చింత. కానీ ఆ పొగ తగిలేది అప్పుడు ఎగురుతున్న దోమలకే. నీళ్లలో ఉన్నవి క్షేమంగా ఉంటాయి. నాలుగు రోజుల్లో కొత్త దండు తయారు.

జ్వరం వస్తే

ఎంత జాగ్రత్తపడినా కాటు తప్పకపోవచ్చు. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లునొప్పులు వస్తే డాక్టరుకు చూపించాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా మింగకూడదు. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. డెంగీలో జ్వరం తగ్గాక ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అసలు జాగ్రత్త అప్పుడే అవసరం. ఆగని వాంతులు, విపరీతమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత... వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పది నిమిషాల పని

2020 మే నెలలో తెలంగాణలో పురపాలక శాఖ ఒక పిలుపునిచ్చింది. ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లు తీసేయాలని. ఖర్చు లేని ఉపాయం అది. ఎవరూ చెప్పకపోయినా ఏ ఇంట్లోనైనా మొదలుపెట్టొచ్చు. పిల్లలకు అప్పగిస్తే ఆటలాగా చేస్తారు. ఎవరు ఎక్కువ చోట్ల పురుగులు కనిపెడితే వాళ్లకు సాయంత్రం బజ్జీల్లో ఒకటి ఎక్కువ. పక్కింటివాళ్లనూ కలుపుకుంటే ఫలితం రెట్టింపు. దోమకు ప్రహరీగోడ అడ్డం కాదు కదా!

పొద్దున పది నిమిషాలు పెరట్లో పెడితే, సాయంత్రం ఫ్యాను కిందికి దించి కాళ్ల వైపు తిప్పితే, చాప చుట్టేయాల్సిన పని ఉండదు. మేనత్త కబుర్లు సగంలో ఆగవు. ''ఆ తర్వాత ఏమైంది అత్తా?'' అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. పైన చుక్కలు ఒక్కొక్కటే పొడుస్తాయి.

టీవీ... అది లోపలే ఉంటుంది. ఎక్కడికీ పోదు!